గూట్లో పెద్దలు, గోడమీద బుద్ధుడు



అవుకులో అయ్యవారి స్మారకంగా జరిగే ఈ ఉపన్యాసానికి విషయాన్ని నిర్వాహకులు నా ఇష్టానికే వదిలారు. గతించిన ఒక గురువును తలుచుకోవడానికి ఇంతమంది ఒకచోట చేరినప్పుడు, ఆ తలుచుకోవడానికి మన నేలమీద ఎంత చరిత్ర ఉందో పరిశీలించడం సముచితమనిపించింది. ఆ చరిత్ర కోసం నేను గుళ్లకూ కోటలకూ వెళ్లను. ఇంటికి వెళతాను. ఇంట్లోనూ గోడ దగ్గర ఆగుతాను.

మన గోడలు మీకు తెలిసినవే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు గనుల నుంచి వచ్చిన నాపరాయి పేర్చి, మట్టి మెత్తి, పైన మిద్దె వేసిన పాత ఇళ్లు ఈ ప్రాంతపు వీధుల్లో ఇంకా నిలిచి ఉన్నాయి. మూరెడు మందం ఉన్న ఆ గోడల్లో గూళ్లు ఉంటాయి. ఒక గూట్లో దీపం, ఒక గూట్లో ఇంటిదేవుడు. పెద్దలకు విడిగా గూడున్న ఇళ్లు కొన్నే. దేవుని గూటి పక్కనే వాళ్లకూ ఇంత చోటిచ్చే ఇళ్లు ఎక్కువ. ఏడాదంతా అక్కడ చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. భాద్రపద మాసం చివర, పెద్దల అమావాస్యనాడు మాత్రం ఆ చోటు నిండుతుంది. గోడ కడిగి పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. మగవారికైతే పంచె, ఆడవారికైతే చీర, మడత విప్పని కొత్తవి తెచ్చి ముందుంచుతారు. విస్తరిలో అన్నం, పప్పు, ఓళిగలు, వడలు. పోయినవారు ఇష్టంగా తిన్నది ఏదైనా ఉంటే అదీ వండుతారు. సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా లాగి, ఇంటిల్లిపాదీ కాసేపు వెలుపల నిలబడతారు. తరువాత మిద్దెమీద ఒక ముద్ద పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. ఈ పని సంక్రాంతికి చేసే కుటుంబాలున్నాయి. తర్పణం విడిచి స్వయంపాకం ఇచ్చే కుటుంబాలున్నాయి. ముస్లిములైన దూదేకుల ఇళ్లలో ఇదే బాధ్యత చదివింపుల రూపంలో తీరుతుంది. క్రైస్తవులు నవంబరులో సమాధులు కడిగి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మంత్రం మారింది, వంట మారింది, తిథి మారింది. ఇంటివాళ్లు తమ పోయినవారికి ఏడాదికొకసారి చోటు సర్దిపెట్టడం మారలేదు.

మన పండితులు గుడి గురించి రాశారు, శాసనాల గురించి రాశారు, రాజవంశాల గురించి చాలా రాశారు. ఇంటి గూటిని మాత్రం ఆడవాళ్ల వ్యవహారమని పక్కనపెట్టారు. దానివల్ల ఒక ముఖ్యమైన సంగతి మన చరిత్రలో నమోదు కాకుండా పోయిందని నా అభిప్రాయం. ఈ నేలమీద చనిపోయినవారి స్మరణ ఇంటి సొత్తు. ఏ మతం వచ్చినా, ఎంత గొప్ప తత్త్వం తెచ్చినా, ఇంటి పెద్దలకు చోటిచ్చిన తరువాతే దానికి ఆ ఇంట్లో చోటు దొరికింది. ఈ మాటను నిగ్గు తేల్చుకోవాలంటే బుద్ధుని ఉదాహరణ తీసుకోవాలి. ఇల్లూ ఆలినీ పసిబిడ్డనూ వదిలి అర్ధరాత్రి బయటికి నడిచినవాడు ఆయన. అలాంటివాడు తిరిగి ఇంటి గోడమీదికి ఎలా వచ్చాడు? తెలుగునాట ఆయన రెండుసార్లు వచ్చాడు. మొదటిది సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట కృష్ణాతీరంలో. రెండోది 1956 తరువాత, మన కళ్లముందు. రెండుసార్లూ ఆయన పెద్దల వెంటే ఇంట్లోకి వచ్చాడు.

మొదటి రాకకు ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర కొన్ని బండలున్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు వాటిమీద తన ధర్మాజ్ఞలు చెక్కించాడు. 1920ల చివర అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించేదాకా అవి మేకల కాపరులు కూర్చునే బండలే. పద్నాలుగు పెద్ద శాసనాలతోపాటు చిన్న శాసనాలు రెండూ అక్కడున్నాయి. పత్తికొండకు దగ్గరలోని రాజుల మందగిరిలోనూ చిన్న శాసనం ఉంది. తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దలను గౌరవించాలి, ప్రాణులమీద దయ ఉండాలి, నిజం పలకాలి అన్నది వీటి సారం. ఈ మాటలు ఎవరెవరు బోధించాలో కూడా ఎర్రగుడి శాసనం చెబుతుంది. మావటీలు, లేఖకులు, రథం తోలడం నేర్పేవారు, బ్రాహ్మణ గురువులు తమ తమ శిష్యులకు నేర్పాలట. ఒక చక్రవర్తి తన ధర్మాన్ని ఉపాధ్యాయుల చేతుల్లో పెట్టడం, ఒక ఉపాధ్యాయుని పేరున జరిగే ఈ సభలో గుర్తుచేసుకోదగినది.

అయితే అదే బండమీద తొమ్మిదో శాసనం ఉంది. జబ్బు చేసినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ప్రయాణం కట్టినా జనం రకరకాల తంతులు చేస్తారని, అందులోనూ స్త్రీలు మరీ ఎక్కువగా చేస్తారని, అవన్నీ అల్పమైనవని, వాటి ఫలం స్వల్పమని అశోకుడు అంటాడు. వాటికి బదులు దాసులనూ సేవకులనూ చక్కగా చూడటం, గురువులను గౌరవించడం, శ్రమణులకూ బ్రాహ్మణులకూ దానం చేయడం అసలైన మంగళకార్యమని చెబుతాడు. బతికున్న తల్లిదండ్రులకు సేవ చేయమన్న చక్రవర్తి, ఆ తల్లులు ఇంట్లో చేసే తంతును తక్కువ చేసి మాట్లాడాడు. ఒక విశేషం గమనించాలి. ఆయన పేర్కొన్న సందర్భాల్లో చావు లేదు. అది మరుపో జంకో నేను తేల్చలేను. పోయినవారికి పెట్టుకోవద్దని ఇంటికెళ్లి చెప్పే సాహసం అంతటి చక్రవర్తి కూడా చేయలేదన్నది మాత్రం బండమీద కనిపిస్తూనే ఉంది.

అశోకుని మాటకు స్త్రీల జవాబు ఐదువందల ఏళ్ల తరువాత వచ్చింది. అది కూడా రాతిమీదే ఉంది.

3వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు పాలించారు. ఆ వంశానికి మూలపురుషుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ ఉపాసిక. ఒకే ఇంట్లో ఒకరు యజ్ఞకుండం దగ్గర, మరొకరు స్తూపం దగ్గర. దీనికోసం ఆ ఇల్లు చీలిపోయినట్టు ఎక్కడా కనిపించదు. శాంతమూలుని కొడుకు వీరపురుషదత్తునికి శాంతిశ్రీ మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. అతని 6వ పాలనా సంవత్సరంలో ఆమె నాగార్జునకొండ మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, ఆయకస్తంభాలనే రాతిస్తంభాలు నిలబెట్టింది. ఆ స్తంభాలమీద తన కోరిక చెక్కించింది. తనకు నిర్వాణం కలగాలని కోరింది. దాంతోపాటు తన ఉభయ కులాల్లో, అంటే పుట్టింటా మెట్టినింటా, గతించినవారిని, ఉన్నవారిని, రాబోయేవారిని ఉద్దేశించి ఈ దానం చేస్తున్నానని చెప్పుకుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎవరు చేసిన కర్మ వారిదే, మరొకరు పంచుకోలేరన్నది బౌద్ధంలో గట్టి సూత్రం. ఆ సూత్రాన్నే పట్టుకుంటే చనిపోయిన తాతకు మనవరాలు పుణ్యం పంచడం కుదరదు. అయినా శాంతిశ్రీ పంచింది. భిక్షువులు అడ్డు చెప్పలేదు సరికదా, ఆ మాటలను స్తూపం మీదే చెక్కనిచ్చారు. అంతకన్నా పెద్ద సంగతి ఆ ఉభయ కులాల ప్రస్తావన. వైదిక శ్రాద్ధంలో కర్త కొడుకు. పెళ్లయిన స్త్రీ గోత్రం మారుతుంది, పుట్టింటి పెద్దలకు తన చేత్తో పెట్టే అధికారం ఆమెకు ఉండదు. ఆ అధికారాన్ని స్తూపం దగ్గర ఆమె తీసుకుంది. ఇక్ష్వాకు రాజులు యజ్ఞాలు చేస్తుంటే వారి స్త్రీలు బౌద్ధాన్ని ఎందుకు ఆశ్రయించారన్న ప్రశ్నకు చరిత్రకారులు వ్యాపారాన్నీ రాజనీతినీ కారణాలుగా చెబుతూ వచ్చారు. అవి ఉండవచ్చు. కన్నవారిని కన్నకూతురు తన పేరున తలుచుకునే వీలు అక్కడ దొరకడం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

ఉపాసిక బోధిశ్రీ రాజకుటుంబపు స్త్రీ కాదు. ఆమె సింహళం నుంచి వచ్చే థేరవాద భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ శాసనంలో భర్తతో మొదలుపెట్టి బంధువులను వరసగా పేర్కొంది. నేటి మన శుభలేఖల అడుగున పేర్లు వేసినంత శ్రద్ధగా ఉంటుంది ఆ వరస. ఇక శాంతమూలుడు పోయిన తరువాత అతని తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు కలిసి అతని పేరున ఒక స్తంభం నిలబెట్టారు. అశ్వమేధం చేసిన రాజుకు గుర్తు మిగిల్చింది కూడా స్త్రీలే. అక్కడ ఇలాంటి ఛాయాస్తంభాలు సైనికులకూ శిల్పులకూ దొరికాయి. వీరపురుషదత్తుని కొడుకు పేరు ఎహువుల శాంతమూలుడు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం ఆనాటికే మన ఇళ్ల పద్ధతి.

ఇది ఇక్ష్వాకులతో పుట్టినదీ కాదు. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో తవ్వి తీసిన ధాతుపేటికల్లో ఒకదాని మీద దాతల పేర్లున్నాయి. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. బుద్ధుని అస్థికలుంచే పెట్టెమీద తల్లీ తండ్రీ కొడుకూ కలిసి నిలబడ్డారు. తెలుగునేలమీద మనకు దొరికిన అతిపాత రాతల్లో ఒకటి ఒక కుటుంబం పేర్ల పట్టిక కావడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

నాగార్జునకొండ తరువాతి కథ మీకు తెలుసు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి, తరలించగలిగినవి కొండమీదికి చేర్చారు. ఆ కొండే నేటి ద్వీపం. శాంతిశ్రీ తన పెద్దల పేరున పుణ్యం పంచిన నేల నీటి అడుగున ఉంది. పాతికేళ్ల తరువాత ఇదే అనుభవం మన ఉమ్మడి కర్నూలు జిల్లాకు వచ్చింది. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు జనం దేవుని పటాలు, తలుపు చెక్కలు, ధాన్యం గాదెలు బండ్లకెత్తుకున్నారు. సమాధులను ఎత్తుకుపోయే మార్గం లేదు. నష్టపరిహారపు లెక్కల్లో ఇంటికి ధర కట్టారు, చెట్టుకు ధర కట్టారు. పొలం గట్టుమీద పడుకున్న నాయనకు కట్టే ధర ఏ కాగితంలోనూ లేదు. మన సీమలో సొంత చేలోనే పెద్దలను పూడ్చుకునే కుటుంబాలు అనేకం కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

బౌద్ధం ఇంటి పెద్దలతో ఎలా ఒప్పందానికి వచ్చిందో దాని సొంత గ్రంథాల్లోనే కనిపిస్తుంది. పాళీలో తిరోకుడ్డ సుత్తం అనే చిన్న రచన ఉంది. చనిపోయినవారు తమ ఇళ్లకు తిరిగివచ్చి గోడల అవతల, వీధి మొగల్లో, తలుపు కమ్మీల దగ్గర నిలబడతారని అది చెబుతుంది. వారున్న చోట సేద్యం లేదు, పశువులు లేవు, బేరసారాలు లేవు. ఇక్కడివారు ఇచ్చినదే వారికి ఆధారం. ఏడుపు వారికి ఉపయోగపడదు, వారి పేరున చేసిన దానమే చేరుతుంది. పెద్దల అమావాస్యనాడు తలుపు దగ్గరగా లాగి వెలుపల నిలబడే మన ఇళ్లవారికి ఆ దృశ్యం కొత్తగా ఉండదు. బింబిసార మహారాజు బౌద్ధ సంఘానికి దానం చేసి ఆ ఫలాన్ని పూర్వబంధువులకు ధారపోసిన కథను వ్యాఖ్యానకారులు దీనికి జోడించారు. సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులకు కొడుకు చేయవలసిన ఐదు విధుల్లో చివరిది, వారు పోయిన తరువాత వారి పేరున దానం చేయడం. ఆచారాన్ని అలాగే ఉంచి అందులోని చేతిని మాత్రం మార్చారు. ముద్ద కాకికి బదులు భిక్షువు పాత్రలో పడింది.

ఈ ఒప్పందమే ఆసియా అంతటా బుద్ధునికి ఇళ్ల తలుపులు తెరిచింది. జపానులో 685లో తెన్ము చక్రవర్తి ఇంటింటా బుద్ధవిగ్రహానికీ గ్రంథానికీ పీఠం ఏర్పాటు చేయాలని ఆజ్ఞాపించాడు. ఆజ్ఞతో అది ఇళ్లలోకి రాలేదు. 17వ శతాబ్దంలో ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో నమోదు కావాలని తోకుగావా ప్రభుత్వం నిర్బంధించి, అంత్యక్రియలు ఆ ఆలయాల చేతికి వచ్చిన తరువాతే బుత్సుదాన్ అనే చెక్క మందసం సామాన్యుల ఇంట స్థిరపడింది. అందులో పైన బుద్ధుడు, కింద పోయినవారి పేర్లు రాసిన చిన్న పలకలు. తెల్లవారి వండిన అన్నంలో మొదటి పిడికెడు వారికి. కంబోడియాలో ప్చుమ్ బెన్ అనే పెద్దల పండుగ పదిహేను రోజులు సాగి, మన లెక్కకు భాద్రపద బహుళ పక్షమయ్యే రోజుల్లోనే, అమావాస్యతో ముగుస్తుంది. అక్కడ తెల్లవారుజామున చీకట్లో అన్నపు ముద్దలు పెడతారు. అది బౌద్ధ దేశం, మనది కాదు. పక్షం ఒకటే, ముద్ద ఒకటే.

మన దగ్గర విహారాలు పోయాయి. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతం, వచ్చేనాటికే చాలా సంఘారామాలు పాడుపడి ఉన్నాయి. రాజుల దానమూ వర్తకుల దానమూ ఆగిపోగానే అవి కూలాయి. మన పొరుగున బెలుం గుహల్లో జైన, బౌద్ధ భిక్షువులు నివసించారని చెబుతారు. 2002లో పర్యాటకులకు తెరిచిన ఆ గుహల వెలుపల పెద్ద బుద్ధ విగ్రహం కూర్చోబెట్టారు. దాని ముందు ఫోటో దిగేవారు వేలమంది ఉంటారు, ఒక పువ్వు పెట్టేవారు తక్కువ. నాగార్జునకొండ స్తంభం నుంచి మన అవ్వల గూటికి నేరుగా గీత గీయాలని నాకూ ఆశ ఉంది. ఆధారం లేదు కనుక గీయను. బుద్ధునికి ఎంతో ముందే ఈ నేలమీద రాతిపలకల గుళ్లు కట్టి పోయినవారి పక్కన కుండలూ ఇనుప పనిముట్లూ పెట్టినవారున్నారు. మనం రాక్షసగుళ్లంటాం వాటిని. ఇల్లు తన అలవాటును ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బౌద్ధం ఆ అలవాటుతో కొంతకాలం నడిచింది. ఆ తరువాత అలవాటు ఒంటరిగానే సాగింది.

సాగిన తీరుకు సాక్ష్యాలు మన ప్రాంతమైన రేనాటి పొలాల్లో నిలబడే ఉన్నాయి. ఊరికోసం పోరి పడినవారికి వీరగల్లులు, పేరంటాళ్లుగా కొలిచే స్త్రీలకు చిన్న గుళ్లు. వాటికి పూజ చేసేది సాధారణంగా ఆ వంశం వారే. ఇంటి స్మరణ ఊరి స్మరణ అయిన సందర్భాలవి. దీనికి భిన్నమైన సందర్భం ఒకటి మన కోవెలకుంట్లలో జరిగింది. 1846లో ఈస్టిండియా కుంఫిణీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న జనం చూస్తుండగా ఉరితీశారు. ఆయన తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా, అంటే ముప్పై ఏళ్లు, దించనివ్వలేదు. చంపడంతో ప్రభుత్వానికి పని పూర్తికాలేదు. చచ్చినవాణ్ని ఇంటికి ఇవ్వకూడదనుకుంది. దహనం లేక, దినాలు లేక, గూట్లో చోటు లేక వదిలేస్తే ఆయన పేరు చెరిగిపోతుందని లెక్కవేసి ఉంటుంది. ఇంటికి దక్కని ఆ మనిషిని రేనాడంతా పాటల్లో పెట్టుకుంది. అధికారం స్మరణకు ఎంత భయపడుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ తెలియదు.

ఇక్కడే సాహిత్యం నుంచి ఒక చిన్న మాట. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. ప్రభావతీ ప్రద్యుమ్నాన్ని మాత్రం కన్నతండ్రి అమరనకు ఇచ్చాడు. రాజాశ్రయంలో బతికే కవి ఒక కావ్యాన్ని రాజుకు కాకుండా తండ్రికి ఇవ్వడం, ఉన్నంతలో పెద్దలకు పెట్టుకోవడమే. విమర్శకులు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

విహారాలు పోయినంత మాత్రాన బుద్ధుడు ఇళ్లలో పూర్తిగా మాయమయ్యాడని అనలేం. మాధ్వుల ఇళ్లలో శ్రాద్ధానికైనా వ్రతానికైనా చెప్పే సంకల్పంలో కాలాన్నీ దేశాన్నీ పేర్కొంటూ బౌద్ధావతారమని పలుకుతారు. అంటే ఇప్పుడు నడిచేది బుద్ధావతార కాలమని. పురోహితుని వెంట ఆ మాట అనే గృహస్థు బుద్ధుణ్ని తలుచుకుంటున్నట్టు భావించడు. విష్ణువు అవతారంగా మారిన తరువాతే ఆయనకు ఆ సంకల్పంలో చోటు దొరికింది. అది ఆతిథ్యమా, బంధించడమా అన్న ప్రశ్న రెండోరాకలో తలెత్తింది.

రెండోరాక 1956 అక్టోబరు 14న నాగపూరులో మొదలైంది. ఆరోజు విజయదశమి. అంబేడ్కర్ తనవెంట దీక్ష తీసుకున్న లక్షలమందితో 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఐదోది, బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాటను నమ్మనని. ఆరోది, శ్రాద్ధం పెట్టనని, పిండదానం చేయనని. పెద్దల అమావాస్య వెళ్లిన పదో రోజున ఆ ప్రతిజ్ఞ చేయించారన్నది కేవలం పంచాంగం లెక్కే కావచ్చు. కానీ ఆ ప్రతిజ్ఞ వెనక ఉన్న ఆలోచన అందరం తెలుసుకోవలసినది. పెద్దలను మరిచిపొమ్మని ఆయన చెప్పలేదు. పెద్దలకు పెట్టుకోవడానికి మరొక కులపు మధ్యవర్తి కావాలన్న ఏర్పాటును, ఆ మధ్యవర్తి తన గడప తొక్కనని చెప్పే అవమానాన్ని తెంచమన్నారు. తన తాతకు తాను అన్నం పెట్టుకోవడానికి ఇంకొకరి అనుమతి ఎందుకన్నది ఆ ప్రతిజ్ఞలోని ప్రశ్న.

ఆ తరువాత ఏం జరిగిందో చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన జిల్లాల్లో దళితవాడల్లోని అనేక ఇళ్లలో హాలు గోడమీద మధ్యన అంబేడ్కర్, ఒక పక్క బుద్ధుడు, మరో పక్క ఆ ఇంటి నాయనో అమ్మో. బౌద్ధ దీక్ష తీసుకున్నవారు కొందరే. తీసుకోనివారి గోడమీదా ఆ వరస ఉంది. అదే ఇంట్లో వెనకగదిలో ఇంటిదేవత ఉండవచ్చు, ఆదివారం చర్చికి వెళ్లేవారూ ఉండవచ్చు. దీక్ష తీసుకున్న కుటుంబాలు తండ్రి పోయిన రోజున ఆ పటాల ముందు కొవ్వొత్తి వెలిగించి త్రిశరణం, పంచశీల చదువుతాయి. పదిమందికి భోజనం పెడతాయి. బడికి పుస్తకాలో పలకలో ఇచ్చేవారున్నారు. పిండం లేదు, మంత్రం లేదు. నాయన పటం మాత్రం బుద్ధుని పక్కనే ఉంది. దీన్ని చూసి, శ్రాద్ధం వద్దని చెప్పి మళ్లీ అదే చేస్తున్నారని కొందరు పెదవి విరుస్తారు. అటువైపు నుంచి, ఇది ఆరో ప్రతిజ్ఞకు విరుద్ధమని నిష్ఠగల అంబేడ్కర్‌వాదులు కొందరు నొచ్చుకుంటారు. ఇద్దరి మాటనూ నేను అంగీకరించలేను. శాంతిశ్రీ తన స్తూపం దగ్గర చేసినదీ ఇదే. సిద్ధాంతం తెగ్గొట్టినచోట ఇల్లు ఒక ముడి వేసుకుంటుంది. ఆ ముడి వల్లనే ఈ రెండోరాక పుస్తకాల్లో ఆగిపోకుండా ఇంటికి చేరింది.

బెలుం బయటి బుద్ధునికీ ఈ హాలు గోడమీది బుద్ధునికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మొదటివాడి చుట్టూ పోయినవారెవరూ లేరు.

ఒక విషయం మరవకూడదు. గోడమీది పటాల పద్ధతి మనం అనుకునేంత పాతది కాదు. మన తాతలకు వాళ్ల తాతల ముఖాలు తెలియవు. గూట్లో ఉండేది దీపం, కలశం, మడతపెట్టిన బట్ట. ముఖం లేని స్మరణ అది. ఫోటో వచ్చాక, అదీ మన పల్లెల్లోకి 20వ శతాబ్దం సగం దాటాక విరివిగా వచ్చాక, పెద్దలకు ముఖాలొచ్చాయి. ముఖాలతోపాటు ఒక అన్యాయమూ బయటపడింది. మగవారి పటాలు స్టూడియోలో కుర్చీలో కూర్చుని దిగినవి. ఆడవారి పటాలు చాలావరకు పోయిన తరువాత హడావిడిగా వెతికి చేయించినవి. ఓటరు కార్డులోనిదో, పెళ్లిగుంపులో ఒక మూల నిలబడ్డదో తెచ్చి పెద్దది చేయిస్తారు. చుట్టుపక్కలవారిని చెరిపేస్తే ఒక భుజం మాత్రం ఎవరిదో మిగిలిపోతుంది. ఏడాదికొకసారి గోడ కడిగి, పసుపు పూసి, పెద్దలందరికీ చోటు సర్దిన చేతుల మనిషికి తనవంతు చోటు ఇలా దొరుకుతోంది.

హైదరాబాదు, బెంగళూరు, అంతకన్నా దూరదేశాల ఇళ్లలో గూడు తొలవడానికి గోడకు మందం లేదు. అక్కడి పిల్లలు అల్మారాలో ఒక అర ఖాళీ చేస్తున్నారు, అమావాస్యనాడు వీడియోలో ఇంటివారితో కలుస్తున్నారు. దీన్ని నేను క్షీణతగా చూడను. గూటి నుంచి పటానికి వచ్చినవాళ్లం, అల్మారాకూ వెళతాం. నా ఆందోళన వేరు. పటం ఎవరిదో చెప్పగలిగిన ఆఖరి మనిషి కూడా పోయిన ఇళ్లు ఇప్పుడు ఎక్కువవుతున్నాయి. ముఖం లేని రోజుల్లో పేరుండేది, ఇప్పుడు ముఖముండి పేరు పోతోంది.

కాబట్టి అయ్యవారి పేరున ఏర్పడిన ఈ సంస్థకూ, ఈ మండలంలోని బడుల ఉపాధ్యాయులకూ ఒక పని అప్పగించి విరమిస్తాను. వచ్చే పెద్దల అమావాస్యకు గోడమీది పటాలు కిందికి దించి తుడుస్తారు కదా. ఆ ఒక్కరోజు పిల్లలచేత ప్రతి ఫ్రేము వెనక అట్టమీద ఆ మనిషి పేరు, ఊరు, చేసిన పని రాయించండి. పోయింది స్త్రీ అయితే ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు కూడా రాయించండి. పెన్సిలుతో రాసినా ఫరవాలేదు. రాసినవాటి నకళ్లు బడిలో ఒక నోటుపుస్తకంలో ఉంచండి. అన్ని వాడల పటాలూ, అన్ని మతాల పటాలూ ఆ పుస్తకంలోకి ఎక్కాలి.